ఉగాది నాడు ఆకులు రాలునా?

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు మమ్మును “విద్యార్థులలోను ఉపాధ్యాయులలోను ఉండే అపోహలు” అనే విషయము మీద మాట్లాడుమని కోరినారు. విద్యార్థుల అపోహలు మాత్రమే అయితే భోజనముల వేళ దాటేవరకు చెప్పగలము. ఉపాధ్యాయుల అపోహలు కూడా అన్నప్పుడే కొంచెం వెనుకాడినాము. ఎందుకంటే అందుకు ఉదాహరణలు బయట వెదకవలసిన పని లేదు. మా తాతగారు చెరకు తోట పనికి గిరిమిట్టు మీద ఈ నాటాలు తీరానికి వచ్చినారు. మా నాయన ఇక్కడ పుట్టినారు. మేము మూడవ తరము. మేము మాట్లాడే తెలుగు సగం ఇంట్లో విన్నది, సగం సాయంకాలపు తరగతిలో పలక మీద దిద్దినది. తప్పులు దొర్లితే పెద్దలు మన్నించవలెను. తప్పుల గురించే ప్రసంగము గనుక, ఒకటి రెండు దొర్లినా విషయానికి భంగము లేదు.

ముందు పగటి బడి సంగతి చెప్తాము. మేము 1981లో ఉద్యోగంలో చేరి 38 ఏండ్లు సామాన్య శాస్త్రము చెప్పినాము. ప్రతి ఏడాది ఒక ప్రశ్న వేసేవారము. “డిసెంబరు, జనవరి నెలలలో మన డర్బనులో ఎందుకు ఇంత ఎండ?” పిల్లలందరూ ఒకే జవాబు వ్రాసేవారు. “అప్పుడు భూమి సూర్యునికి దగ్గరగా ఉంటుంది గనుక.” చెప్పుటకు సిగ్గుగా ఉన్నది గాని, మొదటి మూడేండ్లు మేము ఆ జవాబుకు సరి గుర్తు పెట్టినాము. మేము కూడా అట్లే అనుకొనేవారము గనుక.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. భూమి సూర్యునికి నిజంగానే జనవరి మొదటి వారంలో అన్నిటికంటె దగ్గరగా వస్తుంది. అప్పుడు దూరము సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. జూలై మొదట్లో సుమారు 15 కోట్ల 21 లక్షలు. ఉత్తరార్ధ గోళపు పిల్లవాడు ఈ అంకెలు చూస్తే ఆగిపోతాడు, దగ్గరగా ఉన్నప్పుడు మనకు చలి ఏమిటి అని. మన పిల్లవాడు ఆగడు. అంకెలు వాని తప్పుకే సాక్ష్యం చెప్తున్నవి! తప్పు కారణము, సరియైన ఋతువు. ఇటువంటి అపోహ చాలా గట్టిది. పరీక్షలో ఎక్కడా పట్టుబడదు.

మమ్మును పట్టించినది ఏ పుస్తకమూ కాదు, ఒక ఉత్తరము. విజయనగరం వైపు తాతగారి తమ్ముని సంతతి వారు ఇంకా మాకు ఉత్తరాలు వ్రాస్తుండేవారు. 1984లో సంక్రాంతికి వ్రాసిన ఉత్తరము ఫిబ్రవరిలో చేరినది. మా అమ్మకు తెలుగు మాటలు వచ్చును గాని అక్షరాలు రావు. ఆ ఉత్తరము చదివి వినిపించుట మా పని. భోగి నాటికి చలి బాగా ముదిరినదనీ, ముసలివారు మంట దగ్గర నుంచి లేవడం లేదనీ అందులో ఉన్నది. మేము ఇక్కడ చొక్కా విప్పి, విసనకర్రతో విసురుకొంటూ చదువుతున్నాము. అమ్మ వింటూ వింటూ, “నువ్వు బళ్ళో సూర్యుడు దగ్గరికొస్తాడని చెప్తావు గదా. మనకి దగ్గరైతే ఆళ్ళకి దూరమేటి?” అన్నది.

ఒకటే భూమి. దగ్గరకు వస్తే రెండు చోట్లా ఎండ కాయవలెను. మూడేండ్లు జీతం తీసుకొని చెప్పిన పాఠము అమ్మ ఒక్క మాటతో కూలగొట్టినది. ఆ రాత్రి పుస్తకాలు తిరగవేసి చదివినాము. భూమి ఇరుసు ఇరవై మూడున్నర డిగ్రీలు ఒరిగి ఉన్నది. డిసెంబరులో మన దక్షిణపు సగము సూర్యుని వైపు ఒరుగుతుంది. సూర్యుడు ఆకాశంలో ఎత్తుగా నడుస్తాడు, ఎండ నిటారుగా పడుతుంది, పగలు సుమారు 14 గంటలు ఉంటుంది. జూన్‌లో పగలు 10 గంటలకు కొంచెం ఎక్కువ, అంతే. ఋతువులకు కారణము ఈ ఒరుగుదల. ఆ 50 లక్షల కిలోమీటర్ల తేడా 15 కోట్లలో ఎంత?

మేమొక్కరమే ఈ గోతిలో పడలేదని చాలా ఏండ్లకు తెలిసి కొంత ఊరట పొందినాము. 1987లో అమెరికాలో ‘ఎ ప్రైవేట్ యూనివర్స్’ అనే చిన్న చలనచిత్రము తీసినారు. హార్వర్డు విశ్వవిద్యాలయపు పట్టప్రదానోత్సవం నాడు, గౌన్లు వేసుకొన్న పట్టభద్రులను, ఆచార్యులను, పూర్వ విద్యార్థులను ఇటువంటి ప్రశ్నలే అడిగినారు, ఎండాకాలం ఎందుకు వస్తుంది, చంద్రకళలు ఎందుకు మారుతాయి అని. 23 మందిని అడిగితే 21 మంది తప్పు చెప్పినారు. అదీ ఎంతో ధైర్యంగా, చేతులు తిప్పుతూ! ఒక ఉపాధ్యాయుల శిక్షణలో ఆ చిత్రము చూపినప్పుడు గది అంతా నవ్వింది. మేము నవ్వలేదు.

ఇక్కడ ఒక మాట మనసులో పెట్టుకోవలెను. దగ్గరకు పోతే వేడి ఎక్కువ అనేది తెలివితక్కువ మాట కాదు. పొయ్యి దగ్గర కూర్చున్న ప్రతి బిడ్డకు తెలిసిన సత్యము. పిల్లవాడు తన నిజమైన అనుభవమును అది పనికిరాని చోట వాడినాడు, అంతే. వాని తల ఖాళీ కుండ అనీ, మనము పోసినది పోసినట్లు అందులో నిలుస్తుందనీ అనుకొనుటే ఉపాధ్యాయుల మొదటి అపోహ. కుండలో అప్పుడే నీళ్ళున్నవి. రెండవ అపోహ, తప్పు మీద ఎర్ర సిరాతో అడ్డగీత పెడితే తప్పు పోతుందనుకొనుట. మేము దీపము, ఒరగబెట్టిన బంతి పెట్టి చూపితే పిల్లలందరూ సరిగా చెప్పినారు. నెల తరువాత ప్రశ్నను కొంచెం మార్చి అడిగితే చాలామంది మళ్ళీ ‘దగ్గర’కే వచ్చినారు.

అమెరికాలోనే వొస్నియాడూ, బ్రూవరు అను ఇద్దరు పరిశోధకులు 60 మంది చిన్నపిల్లలతో భూమి ఆకారము గురించి మాట్లాడి 1992లో ఆ ఫలితాలు ప్రకటించినారు. భూమి గుండ్రనిది అని బడిలో చెప్తారు. కాళ్ళ కింద చూస్తే చదునుగా ఉన్నది. కొందరు పిల్లలు ఏమి చేసినారంటే, భూములు రెండు అనుకొన్నారు. ఒకటి మనము నిలబడిన చదును నేల. రెండవది ఎక్కడో ఆకాశంలో ఉండే, మాస్టారు చెప్పే గుండ్రని భూమి. మాస్టారూ సరే, కాళ్ళూ సరే, ఎవరితోనూ తగవు లేదు. ఇది చదివినప్పుడు మాకు నవ్వు రాలేదు సరిగదా గుండెలో కలుక్కుమన్నది. ఎందుకో ఇప్పుడు చెప్తాము.

1986లో ఉగాది ఏప్రిల్ నెలలో వచ్చినది. అప్పటికి మేము సాయంకాలపు తెలుగు తరగతి తీసుకొని రెండేండ్లు. పుస్తకాలు దొరకడం గగనంగా ఉండేది. 1946లో భారతదేశము ఈ దేశముతో వ్యాపారము మాని వేసినది మొదలు, మరల 1993లో రాయబార సంబంధాలు కుదిరేవరకు, ఒక వాచకము చేతికి రావలెనంటే ఎవరి సంచిలోనో, ఎన్ని ఊళ్ళు తిరిగియో రావలెను. అట్లా వచ్చిన ఒక వాచకమును మేము దేవుని పటము వలె చూసుకొనేవారము. అందులో ఉగాది పాఠము ఉన్నది. వసంతము వచ్చినది, చెట్లు చిగిర్చినవి, మామిడి పూచినది, కోయిల కూసినది, ఆ రీతిగా. పిల్లల చేత వల్లె వేయించి, “ఉగాది నాడు మన ఊరు ఎట్లుండును?” అని అయిదు వాక్యాలు వ్రాయుమన్నాము.

పదేండ్ల పిల్లవాడొకడు వ్రాసినాడు. “ఉగాది నాడు మా ఇంటి ముందర సిరింగా చెట్టు ఆకులు పచ్చబడి రాలును. మామిడికాయలు అయిపోవును. చెరకు కోత వచ్చును. ఇది ఏటి కాలం అని మా అవ్వను అడిగితే ఉగాది అయితే కోత దగ్గర పడ్డట్టే అన్నది.”

మేము ఏమి చేసినామో వినండి. ‘ఆకులు రాలును’ కొట్టివేసి ‘చిగిర్చును’ అని వ్రాసినాము. ‘ఏటి’ కొట్టివేసి ‘ఏమి’ అని వ్రాసినాము. చెరకు వాక్యము పూర్తిగా అడ్డగీత. పదికి మూడు మార్కులు. పైగా తరగతిలో లేపి, వసంత ఋతువులో ఆకులు రాలుతాయా అని అడిగినాము. వాడు కిటికీ వైపు చూపినాడు. “చూడండి మాస్టారూ” అన్నాడు. కిటికీ బయట చెట్టు ఉన్నది. మేము చూడలేదు. “పుస్తకంలో ఏమున్నదో అది చెప్పు” అన్నాము. వాడు చెప్పినాడు. పొల్లు పోకుండా చెప్పినాడు. తరువాతి వారము నుంచి రాలేదు.

పగలు దీపము, బంతి పెట్టి దక్షిణార్ధ గోళము చూపిన మాస్టారే ఇది చేసినాడని మరువవద్దు. అమ్మ మాటతో కళ్ళు తెరచి అప్పటికి రెండేండ్లు. పగటి బడిలో మార్చి, ఏప్రిల్, మే నెలలు ఆటమ్ అని మేమే చెప్పేవారము. సాయంత్రం ఆరు గంటలకు తెలుగు గదిలోకి వస్తే అదే ఏప్రిల్ వసంతమయ్యేది. రెండు భూములు పెట్టుకొన్నది పిల్లలు కాదు, మేము.

1999లో ఆ అవ్వ కాలం చేసినది. చూచి రావలెనని వెళ్ళినాము. ఆ పిల్లవాడు అప్పటికి పెద్దవాడైనాడు, ఉద్యోగంలో ఉన్నాడు. వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టినాడు. మర్యాదగా ఇంగ్లీషులో మాట్లాడినాడు. తెలుగు ఎందుకు వదలివేసినావు బాబూ అని అడిగినాము. కోపంగా చెప్పలేదు. ఆ తరగతిలో చెప్పేవి నిజము కాదనుకొన్నాను మాస్టారూ, అద్భుత కథలు చెప్తారు గదా అట్లాటివి అనుకొన్నాను అన్నాడు. అవ్వతో కూడా ఆ తరువాత తెలుగులో మాట్లాడడం తగ్గించినాడట, ఆమెకు సరియైన తెలుగు రాదని అనుకొని. చివరి సంవత్సరములో ఆమె ఇంగ్లీషు పూర్తిగా మరచిపోయినది. మనవడు పక్కన కూర్చుంటే ఏదో చెప్పేది. వానికి సగము తెలిసేది కాదు.

ఆమె పలుకు తప్పు కాదు. ‘ఏటి’ అన్నది విజయనగరం, శ్రీకాకుళం వైపు లక్షలమంది నోట నేటికీ ఉన్న మాట. మా అమ్మ మాట కూడా అదే, మీరు విన్నారు గదా. ఓడలో మూట కట్టుకొని తెచ్చుకొన్నవారు తెచ్చుకొన్న మాటను, ఎక్కడో అచ్చు వేసిన పుస్తకము చూసి మేము కొట్టివేసినాము. చెరకు వాక్యము కూడా తప్పు కాదు. ఈ దేశంలో చెరకు కోత ఇంచుమించు ఏప్రిల్‌లో మొదలై డిసెంబరు వరకు సాగుతుంది. బ్యారక్కులలో బ్రతికిన ఆ తరము వారు ఉగాదిని ఈ నేల మీద నిలబెట్టి లెక్క కట్టుకొన్నారు. సర్దారు కేక వినబడేలోపల ఒక పండుగ. మామిడి ఇక్కడ వేసవిలో, అంటే డిసెంబరు, జనవరులలో వస్తుంది గనుక, ఉగాది పచ్చడికి ఉప్పులో ఊరవేసి దాచిన ముక్కలు వేసేవారు. మా అమ్మ కూడా అంతే. వేప పువ్వు ఉండదు, ఎవరి పెరటిలోనో చెట్టు ఉంటే లేత ఆకు చిదిమి వేసేది. చేదు చేదే గదా.

ఇంటికి వచ్చి పాఠాలు మార్చుటకు కూర్చున్నాము. అక్కడ కూడా ఒక తప్పు చేసినాము, అది కూడా చెప్పవలెను. తొందరపడి గోడ మీద పట్టిక వ్రాసినాము. “ఏప్రిల్: ఆంధ్రలో వసంతము, ఇక్కడ శరత్తు, అనగా ఆకురాలు కాలము.” కొన్నాళ్ళకు విశాఖపట్టణం నుంచి బంధువుల ఇంటికి వచ్చిన పెద్దాయన ఒకరు తరగతి చూడ వచ్చినారు, అక్కడ తెలుగు పండితులుగా పని చేసినవారు. పట్టిక చూసి మెల్లగా, శరత్తులో మాకు ఆకులు రాలవండీ, రాలేది శిశిరంలో, శరత్తు అంటే వానలు వెలిసి ఆకాశం తేటపడి వెన్నెల కాచే కాలము అన్నారు. ఇంగ్లీషు మాట ఒకటి పట్టుకొని దానికి తెలుగు మాట అతికించి, ఇంకొక అపోహ గోడకు మేకు వేసి కొట్టినాము! కాని చూడండి, మన డర్బనులో వానలు వేసవిలోనే పడుతాయి. ఏప్రిల్ వచ్చేసరికి ఉక్కపోత తగ్గి, ఆకాశం తేటపడి, రాత్రులు వెన్నెల బాగుంటుంది. శరత్తు అన్న మాట మేము తప్పు కారణముతో పెట్టినాము గాని, ఇక్కడి ఏప్రిల్‌కు అది చక్కగా అమరుతుంది. ‘ఆకురాలు కాలము’ చెరిపివేసి ‘వెన్నెల కాలము’ అని వ్రాసినాము.

అది మొదలు పిల్లలే వెదకి తెస్తున్నారు. ఒకరు దీపావళికి జకరాండా పూసిందని తెచ్చినారు. మన దీపావళి వసంతంలో పడుతుంది గదా! మన కోయిల ఏప్రిల్‌లో కూయదు, అసలు ఆ కోయిల ఇక్కడ లేదు. దాని బంధువు ఒకటి ఉన్నది, పీట్-మై-వ్రో అంటారు, అక్టోబరులో తెల్లవారుజామున మొదలుపెడితే నిద్ర పోనివ్వదు. సంక్రాంతితో ఉత్తరాయణము వచ్చి పగలు పెరుగుతుందని చెప్పినాము ఇన్నేండ్లు. సూర్యుడు ఉత్తరానికి పోతే మన నుంచి దూరంగా పోయినట్లు, మన పగలు తగ్గుతుంది. చందమామ కథల బొమ్మలలో కుందేలు ఎట్లున్నదో చూసి ఆకాశం వైపు చూస్తే, ఇక్కడి కుందేలు తలకిందులు. ఇది కనిపెట్టినది ఏడేండ్ల పాప. మేము 40 ఏండ్లకు పైగా ఆ చంద్రుని కిందనే తిరిగినాము.

ఇక తల్లిదండ్రులు మమ్ము అడిగేవి కొన్ని ఉన్నవి, త్వరగా చెప్పి ముగిస్తాము. ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు పాడవునా అంటారు. ఈ ఊళ్ళో ఇంగ్లీషు పాడవడం అంత సులభము కాదు, ఆ భయము మానండి. తెలుగు రక్తంలో ఉన్నది, పిల్లలకు అదే వస్తుంది అంటారు. రాదు. రక్తంలో ఉండేది వేరు. 56 అక్షరాలు పూర్తి అయితేగాని మాట్లాడించరాదని మాలో కొందరు ఉపాధ్యాయులే అంటారు. అక్షరాలన్నీ ముత్యాల వలె దిద్ది, దాహం వేస్తే మంచినీళ్ళు అడగలేని పిల్లలను మేము తయారు చేసినాము, అది కూడా ఒప్పుకొంటాము. ఇప్పుడు మొదటి నెల పలక లేదు. అవ్వ ఉన్న ఇంటి పిల్లలు అవ్వ మాట ఒకటి తేవలెను, దానిని అవ్వ పలికినట్లే బోర్డు మీద వ్రాస్తాము. పుస్తకపు మాట దాని పక్కన వ్రాస్తాము. పైన కాదు, పక్కన.

1996 నాటి ఈ దేశపు రాజ్యాంగములో, ఆదరించవలసిన భాషలలో తెలుగు పేరు కూడా ఉన్నది. మాకు అది గర్వము. కాని రాజ్యాంగము మా బోర్డు దగ్గరకు వచ్చి సుద్దముక్క పట్టుకోదు గదా. ఆ 1986 నాటి నోటు పుస్తకము మా దగ్గర లేదు, వాడు తీసుకొనిపోయినాడు. ఉంటే ఈ సంచికలో అచ్చు వేయమని కార్యదర్శిగారిని అడిగేవారము, ఎర్ర సిరాతో సహా.

పన్నెండు కావస్తున్నది. వంటవారు చూస్తున్నారు. బయట ఆవరణలో మా పిల్లలు మీటరు పొడవు కర్ర ఒకటి పాతి, చుట్టూ నాలుగు దిక్కులు సున్నంతో వ్రాసినారు. మీలో ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చినవారు కూడా ఉన్నారు. వారి ఊళ్ళో ఈ పూట నీడ పొట్టిగా ఉత్తరం వైపు పడుతుంది. ఇక్కడ ఎటు పడుతుందో, ఎంత పొడవు ఉంటుందో ముందు ఒక కాగితం మీద వ్రాయండి. పెద్దలు కూడా వ్రాయవలెను. కాగితాలు ఆ గుమ్మం దగ్గరి పాప తీసుకొంటుంది. తరువాత అందరమూ బయటకు పోయి చూద్దాము. ఆ పైన పచ్చడి పెడతారు.